ఇరవై ఏడో పేరు

ఊళ్ళో వాళ్ళు ఆ ఇంటిని మేస్త్రీ-ఇస్త్రీల ఇల్లు అంటారు. ఆయన రాతి మీద అక్షరాలు చెక్కే మేస్త్రీ. ఆవిడ వాకిట్లో బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. "మొగుడేమో సాపుగా ఉన్నదానికి గంట్లు పెడతాడు, పెళ్ళామేమో ముడతలు పడ్డదాన్ని సాపు చేస్తుంది, సరిగ్గా కుదిరారు" అని నవ్వుతారు. నలభై ఏళ్ళుగా అదే మాట, అదే నవ్వు. పొద్దున వచ్చిన బస్సే సాయంత్రం వెనక్కి పోయే ఊరది. అక్కడికి కొత్త మాటలు రావడం కష్టం.

ఏటికట్ట కింద పల్లపు వీధిలో ఇప్పుడు మిగిలినవి నాలుగే ఇళ్ళు. కట్ట తెగిన ఏడాది నీళ్ళు మొదట వచ్చి పడ్డది ఈ వీధి మీదే. తర్వాత సర్కారు మెరక మీద కొత్త ఇళ్ళు కట్టిస్తే అందరూ అక్కడికి ఎక్కిపోయారు. మేస్త్రీ మాత్రం కూలిన గోడల మీదే మళ్ళీ గోడలు లేపుకున్నాడు. ఎవరైనా అడిగితే "ఇన్ని రాళ్ళు మోసుకుని మెరక ఎక్కే ఓపిక నాకెక్కడిదయ్యా" అనేవాడు. నిజానికి రానన్నది ఆయన కాదు.

సోమవారం ఉదయం నాపరాయి పలక వచ్చి పెరట్లో దిగింది. నిలువు ఆరడుగులు, అడ్డం నాలుగు. నలుగురు మనుషులు పట్టి దుంగల మీద పడుకోబెట్టి వెళ్ళారు. మేస్త్రీ అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమాడు. వేలి కణుపులతో అక్కడక్కడ తట్టి, చెవి ఆనించి విన్నాడు. ఎక్కడా బోలు లేదు. మంచి రాయి.

పది గంటలకి పెద్ద టీచరమ్మ వచ్చింది. బడి నుంచి రిటైరై ఆరేళ్ళయినా ఊరికి ఇంకా ఆవిడే పెద్ద టీచరమ్మ. రెండేళ్ళుగా ఊరి చరిత్ర రాస్తోంది.

"రాద్దామని కూర్చుంటే నాలుగు పేజీలకే అయిపోయింది మేస్త్రీ" అంది గొడుగు మూస్తూ. "మిల్లు పెట్టారు. కట్ట తెగింది. మిల్లు మూశారు. ఇంతే మన చరిత్ర."

"ఆ మధ్య ముక్క చాలదా అమ్మా" అన్నాడు మేస్త్రీ.

"చాలు. అందుకే ఈ రాయి." చేతిసంచిలోంచి మడత పెట్టిన కాయితం తీసి ఇచ్చింది. కట్ట మీద కొత్తగా వేసిన పార్కులో ఈ పలక నిలబెట్టాలని, కట్ట తెగిన రోజు పోయినవాళ్ళ పేర్లన్నీ దాని మీద ఉండాలని పార్కు కమిటీలో పట్టుబట్టింది ఆవిడే. "వచ్చే బుధవారం తెర తీస్తారు. పేర్లు అక్షర క్రమంలో రాశాను. ఒకసారి చూసుకుని మొదలుపెట్టు."

ఎప్పుడు వచ్చినా టీ తాగి, రెండు కబుర్లు చెప్పిగానీ కదలని మనిషి, ఆ రోజు నిలబడ్డ కాళ్ళ మీదే వెళ్ళిపోయింది. ఎండ ఎక్కువగా ఉందేమో అనుకున్నాడు.

దారానికి సుద్ద పూసి పలక మీద అడ్డగీతలు కొట్టాక కాయితం విప్పాడు. ఇరవై ఆరు పేర్లు. అటు పదమూడు, ఇటు పదమూడు, చక్కగా అమరుతాయి. దర్జీ, దర్జీ కొడుకులిద్దరూ ఉన్నారు. మిల్లు కాపలాదారు, అతని భార్య ఉన్నారు. అందరూ ఈ వీధి వాళ్ళే. వేలితో ఒక్కొక్క పేరూ దాటుకుంటూ వచ్చాడు. తన కూతురి పేరు మొదటి వరసలో, దర్జీ చిన్న కొడుకు తర్వాత రావాలి. రాలేదు. క్రమం తప్పి కిందికి పోయిందేమోనని చివరిదాకా చూశాడు. కాయితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

గుండెల్లో రాయి పడటం అనే మాట ఆయన బతుకంతా విన్నదే. రాళ్ళతో బతికేవాడు కాబట్టి జోకుగా కూడా వాడేవాడు. ఆ పూట మాత్రం సుద్దదారం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

సాయంత్రం వాకిట్లోకి వచ్చేసరికి భార్య తెల్లచొక్కా ఒకటి బల్ల మీద పరిచి నీళ్ళు చిలకరిస్తోంది. రాతిపొడి బట్టలకి అంటుతుందని ఆవిడ పెరట్లోకి రాదు. చెయ్యీ కాలూ కడుక్కోనిదే ఆయన వాకిట్లోకి పోడు. ఇద్దరి మధ్యా ఇల్లు సరిహద్దు.

"జాబితా ఇచ్చిపోయింది టీచరమ్మ" అన్నాడు.

"ఎంతమంది?"

"ఇరవై ఆరు."

ఆవిడ ఇస్త్రీపెట్టె ఎత్తి, చెంపకి దగ్గరగా పట్టి వేడి చూసుకుంది. కాలరు మీద అంచు నుంచి మధ్యకి నడిపింది. "దర్జీ ఇంట్లో ముగ్గురూ ఉన్నారా?"

"ఉన్నారు."

"కాపలా ఆయన?"

"ఆయనా ఉన్నాడు, ఆయన భార్యా ఉంది."

"పాపం" అంది. చొక్కా తిప్పింది. చేతులు, ఆ తర్వాత వీపు. ఆయన ఎదురుచూశాడు. ఆవిడ వీధిలో ఒక్కొక్క ఇంటినీ అడిగింది, మూలనున్న ముసలావిడతో సహా. తన ఇంటిని అడగలేదు. చొక్కా మడిచి దొంతర మీద పెట్టి, "బాగా చెక్కు. వాళ్ళ వాళ్ళు వచ్చి చూసుకుంటారు" అంది.

పోనీలే, మరిచిపోయింది అనుకున్నాడాయన. ముప్ఫై ఒక్క ఏళ్ళంటే మాటలా. రాయే అరుగుతుంది. ఆవిడ అడగనందుకు ఆయనకి ఊరటగా ఉంది. ఊరటపడినందుకు సిగ్గుగానూ ఉంది.

మంగళవారం పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాడు. రికార్డు గుమాస్తా కట్ట తెగేనాటికి పుట్టి కూడా ఉండడు. మర్యాద తెలిసినవాడే. కుర్చీ చూపించి, విషయం విని, బీరువాలోంచి నాడా కట్టిన పాత ఫైలు తీసి దుమ్ము దులిపాడు.

"పాప వయసు?"

"ఆరు."

"బాడీ దొరికిందాండీ?"

"లేదు" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట ఆయన నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. వాడి వాడి అరిగిన ఉలిపిడిలాగా అంత నున్నగా వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఇంటి దగ్గర మొదటిసారి చెప్పినప్పుడు మాత్రం అంత నున్నగా రాలేదు. కట్ట తెగిన నాలుగో రోజు, వెతికేవాళ్ళంతా అవతలి ఒడ్డున ఉంటే, ఏటి మలుపు దగ్గర తుంగలో ఆయనకి ఒక్కడికే కనపడింది పిల్ల. గౌను జేబుని బట్టి గుర్తుపట్టాడు. తన చారల చొక్కా చిరిగిపోతే తల్లి ఆ గుడ్డతో కుట్టిన జేబు. మిగిలినది తల్లికి చూపించే రూపం కాదు. గునపంతో గట్టు మీద గొయ్యి తవ్వి, ఆకురొట్ట పరిచి, తన చొక్కా విప్పి చుట్టి, పైన ఒక బండ దొర్లించి ఇంటికి వచ్చాడు. "కనపడిందా?" అంది ఆవిడ గుమ్మంలోనే. నిలబడలేక ద్వారబంధం పట్టుకుని ఉంది. లేదు అన్నాడు. ఒక పది రోజులు పోనీ, మనిషి తేరుకున్నాక చెబుదాం అనుకున్నాడు. పది రోజులు పది నెలలయ్యాయి. ఆ పై వానాకాలానికి గట్టు జారి ఏట్లో కలిసింది. బండ ఎక్కడ పోయిందో ఆయనకే తెలియలేదు. ఇంక చెప్పి చూపించడానికి చోటు కూడా లేకపోయింది.

"దొరకనివాళ్ళు మొత్తం ముగ్గురండీ" గుమాస్తా కాయితాలు తిప్పుతూ చెప్పాడు. "ఇద్దరి ఇళ్ళవాళ్ళు ఏడేళ్ళు గడిచాక అర్జీ పెట్టుకున్నారు. చనిపోయినట్టు కాయితం ఇచ్చాం. వాళ్ళ పేర్లు ఎక్కాయి. మీ అమ్మాయి విషయంలో అర్జీ రాలేదు. ఇప్పటికీ 'ఆచూకీ లేదు' అనే ఉంది."

"ఆచూకీ లేదంటే?"

"చనిపోయినట్టు కాదు."

"మరి బతికున్నట్టా?"

"అట్లా అని కూడా రాయలేదండీ." గుమాస్తా ఇబ్బందిగా నవ్వాడు. "ఫైలు ప్రకారం అటూ కాదు, ఇటూ కాదు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మాకు గుర్తు చేయకపోయారే."

"మీ పిల్లని మీకు మేం గుర్తు చేయాలా మేస్త్రీ గారూ?"

ఆ కుర్రగుమాస్తా మాటలో వెటకారం లేదు. అందుకే అది సూటిగా తగిలింది. మేస్త్రీ లేచి దండం పెట్టి బయటికొచ్చాడు. అప్పట్లో ఎవరో కాయితం పట్టుకుని ఇంటికి వచ్చారని, తను అప్పుడు కట్ట పనిలో ఉన్నాడని, "నేను చూసుకుంటాలే" అని ఆవిడ అన్నదని లీలగా గుర్తొచ్చింది. చదువు రాని మనిషి, ఎక్కడ వేలిముద్ర వేయాలో తెలియక వదిలేసి ఉంటుంది అనుకున్నాడు. తప్పు తనదే. తను చూసుకోవాల్సింది.

ఇంటికి చేరేలోగా మనసులో ఒకటి గట్టిపడింది. ఊళ్ళో ఏ శంకుస్థాపన అయినా, ఏ బడి గుమ్మం అయినా, ఎవరి తాత పేరైనా తన ఉలి చెక్కిందే. ఎన్ని వేల పేర్లో. కన్నకూతురి పేరు మూడక్షరాలు ఒక్క రాయి మీద కూడా చెక్కలేదు. ఈ రాయి మీద ఉండాల్సిందే. ఎవడడ్డమొస్తాడో చూద్దాం.

ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవడానికి ఆయనకి అరగంట పట్టింది. అడుగున విడిగా పెడితే పని సులువు. కానీ అది పిలవని పేరంటానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు ఉంటుంది. దాని వరసలోనే అది ఉండాలి, దర్జీ చిన్నకొడుకు కిందే. ఇద్దరూ ఆ వేసవిలో ఒకే పలక పట్టుకుని కొట్టుకునేవాళ్ళు. పాత గీతలు తడిగుడ్డతో చెరిపి, ఎడమ వరస పద్నాలుగు, కుడి వరస పదమూడు వచ్చేట్టు మళ్ళీ దారం కొట్టాడు.

బుధవారం ఉలి పెట్టాడు. సుత్తి బరువు మణికట్టుకి తెలియకుండా పడుతుండాలి. దెబ్బ గట్టిగా పడితే నాపరాయి పొరలుగా లేస్తుంది. మెల్లగా పడితే గాటు నిలవదు. తలకట్టు తేలిక, ఒకే వాలు. గుడి దీర్ఘానికి ఉలి తిప్పుతూ పోవాలి. అన్నిటికన్నా కష్టం సున్న. చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే రావాలి, కలిసిన చోటు కనపడకూడదు. సున్న చెక్కడం వచ్చినవాడికి అన్నీ వచ్చినట్టే అనేవాడు ఆయనకి పని నేర్పినాయన.

పిల్ల పేరులో మధ్యలో ఒక సున్న ఉంది.

దాని దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చిన్న ఉలి తీసుకుని సానరాయి మీద మళ్ళీ పదును పెట్టాడు. అవసరం లేకపోయినా పెట్టాడు. మామూలుగా ఒక పేరుకి గంట చాలు. దీనికి పొద్దువాలేదాకా కూర్చున్నాడు. పొడిని నోటితో ఊదకుండా మెత్తటి కుంచెతో తుడిచాడు. అయ్యాక రాయి పక్కన మోకాళ్ళ మీద వంగి వేలు పెట్టి సున్న చుట్టూ తిప్పాడు. ఎక్కడ కలిసిందో తన వేలికే తెలియలేదు. అవతల వాకిట్లో ఇస్త్రీపెట్టె బల్ల మీద దిగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ మర్నాడూ, శుక్రవారమూ మిగతావన్నీ అయ్యాయి.

శుక్రవారం సాయంత్రం పెద్ద టీచరమ్మ సరిచూడటానికి వచ్చింది. కాయితం చేత్తో పట్టుకుని, ఒక్కో పేరూ పైకి చదువుతూ, కళ్ళద్దాల పైనుంచి రాతిని చూస్తూ నడిచింది. దర్జీ చిన్నకొడుకు పేరు చదివింది. తర్వాతి పేరు చదవలేదు.

మేస్త్రీ ఆ క్షణం కోసమే మూడు రోజులుగా కాచుకుని ఉన్నాడు. "తియ్యమంటే తియ్యను టీచరమ్మా. మీ కమిటీకి చెప్పండి. ఫైల్లో లేకపోతే లేకపోయింది, నా రాతిలో ఉంది. ఇష్టం లేకపోతే వేరే రాయి, వేరే మేస్త్రీని చూసుకోమనండి. కొట్టేసింది ఆ గుమాస్తానా, ఛైర్మనా? ఎవరో నాకు తెలియాలి."

టీచరమ్మ దుంగ మీద కూలబడింది. కాయితాన్ని ఒళ్ళో పెట్టుకుని నిదానంగా మడిచింది.

"కొట్టేసింది నేను మేస్త్రీ."

"మీరా?"

"మొదటి జాబితాలో ఇరవై ఏడు రాశాను. ఫైల్లో ఏముంటే నాకేం, ఊరందరికీ తెలిసిందేగా అని రాశాను. పోయిన నెల మీ ఇంట్లోవిడ బట్టలు ఇవ్వడానికి వచ్చింది. పేర్లు చదివి వినిపించమంది. చదివాను. పిల్ల పేరు రాగానే నా చెయ్యి పట్టుకుంది." టీచరమ్మ గొంతు సవరించుకుంది. "'బతికున్నదాని పేరు అందులో ఎందుకమ్మా, తీసెయ్యి' అంది."

మేస్త్రీ ఇంటి గుమ్మం వైపు చూశాడు.

"నేను నచ్చచెప్పబోయాను. 'టీచరమ్మా, నేను వచ్చేదాకా ఇంట్లోంచి కదలకు అని చెప్పి నేను బట్టలివ్వడానికి పోయాను. ఇల్లు కూలినా తలుపు మాత్రం గడియ తీసే ఉంది. అంటే అది తన కాళ్ళతో నడిచే పోయింది. ఎవరో చేరదీసి ఉంటారు. అది తిరిగొస్తే నేను ఇక్కడ ఉండాలిగా, నేను కదిలితే దానికి దారెట్లా తెలుస్తుంది' అంది. అప్పట్లో అర్జీ కాయితం తెచ్చినవాళ్ళనీ ఇదే మాట చెప్పి పంపేసిందట. శవం చూపించండి, అప్పుడు వేలిముద్ర వేస్తా అందట."

"నాకెప్పుడూ..."

"నీకు చెప్పొద్దంది. 'ఆయన ఏడ్చి ఊరుకున్నాడు, మళ్ళీ ఆశ పెట్టి చంపడం ఎందుకు' అంది. నా ముందే గీత కొట్టించి, కొట్టానో లేదో చూసి మరీ పోయింది."

పెరటిగోడ మీద ఎండ తగ్గుతోంది. మేస్త్రీ తన చేతుల వంక చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఒక్క మాట ఆరోజు గుమ్మంలో చెప్పి ఉంటే ఆవిడ నేల మీద పడి ఏడ్చేది, మూడు రోజులో మూడు నెలలో ఏడ్చేది, లేచేది. మెరక మీద ఇంటికి మారేవాళ్ళు. శవం చూపించమని అడిగిందట. చూసినవాడు పక్కనే ఉన్నాడు. మంచం మీద పక్కనే ఉన్నాడు.

"ఆమెకి చదువు రాదుగా అమ్మా" అన్నాడు చివరికి. "ఉండనిస్తే? ఎవరు చెప్తారు?"

"ఊరు చదువుతుంది మేస్త్రీ. చదివి, ఓదార్చడానికి నీ వాకిట్లోకే వస్తుంది."

ఆవిడ లేచి గొడుగు తీసుకుంది. "నీ ఇష్టం. ఉంచుతానంటే కమిటీతో నేను మాట్లాడతాను. నేను చేసింది తప్పో ఒప్పో నాకే తెలియట్లేదు" అంటూ వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున టీ తాగి మేస్త్రీ వెడల్పు ఉలి తీశాడు. ఒక్క పేరు తీసి ఊరుకుంటే అక్కడ గుంట పడుతుంది. పలక మొత్తం పావంగుళం దించాల్సిందే. ఇరవై ఆరు పేర్లూ పోవాల్సిందే. కుడి వరస పైనుంచి మొదలుపెట్టాడు. కాపలాదారు పోయాడు, అతని భార్య పోయింది. మూలనున్న ముసలావిడ పోయింది. పెచ్చులు లేచి కాళ్ళ మీద పడుతున్నాయి.

అక్షరం చెక్కే దెబ్బకీ రాయి దించే దెబ్బకీ చప్పుడు వేరు. నలభై ఏళ్ళుగా గోడకి అవతల వింటున్న మనిషికి ఆ తేడా తెలియకుండా ఉండదు. కుడి వరస అయ్యేసరికి పెరటి గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. చేతిలో నీళ్ళు చిలకరించే గిన్నె అలాగే ఉంది.

"చెక్కింది ఎందుకు చెరుపుతున్నావు?"

"ఒకటి తప్పు పడింది."

ఆవిడ పొడిలో అడుగులు పడుతుంటే పెరట్లోకి వచ్చింది. ఎన్నేళ్ళకి వచ్చిందో. ఎడమ వరస వైపు వంగింది. పైనుంచి చూపు దింపుతూ వచ్చింది, చదువు వచ్చినదానిలాగే. ఒక చోట ఆగింది. గిన్నె కింద పెట్టి వేలు పెట్టింది.

"ఇదా?"

ఆయన తల ఊపాడు.

"నాకు వచ్చిన అక్షరాలు ఇవి మూడే" అంది. "ఇస్త్రీ బొగ్గులు ఎత్తుకుపోయి గోడంతా ఇదే రాసేది. నేను తిట్టుకుంటూ తుడిచేదాన్ని." వేలు మొదటి అక్షరం మీద నడిచింది, సున్న చుట్టూ తిరిగింది, మళ్ళీ తిరిగింది. "రాతి మీద రాస్తే ఇంత బాగుంటుందా దీని పేరు?"

మేస్త్రీ సుత్తి పక్కన పెట్టాడు. "ఏమే, నీకో సంగతి చెప్పాలి. అప్పుడు... ఆ నాలుగో రోజు నేను ఏటి మలుపు దగ్గర..."

"వద్దు."

"ఒక్కసారి విను."

"వద్దయ్యా." ఆవిడ ఆయన వైపు తిరగలేదు. వేలు సున్న మీదే ఉంది. "ఏ రోజు సంగతీ వద్దు. నువ్వు చెప్తే నేను నమ్మాలి. ఇన్నేళ్ళలో నువ్వు చెప్పింది ఏదీ నమ్మకుండా లేను. నమ్మితే మాత్రం రేప్పొద్దున లేచి బొగ్గులు రాజెయ్యడం నా వల్ల కాదు. నిజంగా కాదు."

ఆయన సుత్తి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"మిగతావి తియ్యి" అంది ఆవిడ. "దీన్ని చివర్లో తియ్యి." తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

ఎడమ వరస పైనుంచి దించుకుంటూ వచ్చాడు. దర్జీ, పెద్ద కొడుకు, చిన్న కొడుకు. ఒక పేరు వదిలి, కిందివన్నీ దించాడు. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ లేవలేదు. పొడి ఆవిడ జుట్టు మీద, భుజాల మీద పేరుకుంటోంది. దులుపుకోలేదు. చివరికి అంత పలక మీదా ఆ మూడక్షరాలు ఒక్కటే మిగిలాయి.

"ఎంత పెద్ద రాయి" అంది ఆవిడ. "ఒక్కతే ఉంది చూడు."

చాలాసేపు ఇద్దరూ చూశారు. తర్వాత ఆవిడ లేచి, గిన్నె తీసుకుంది. "నేను లోపలికి పోయాక కొట్టు" అని గుమ్మం దాటి వెళ్ళింది.

ఇస్త్రీపెట్టె బల్ల మీద దిగిన చప్పుడు వినపడేదాకా ఆగాడు. అప్పుడు కొట్టాడు. కళ్ళు మసకబారి మొదటి దెబ్బ పక్కకి పోయింది. తుడుచుకుని మళ్ళీ కొట్టాడు. అన్నిటికన్నా లోతుగా చెక్కింది అదే కాబట్టి అన్నిటికన్నా ఆలస్యంగా పోయింది. సున్న అడుగు జాడ రుద్దుడురాయికి గానీ లొంగలేదు. నీళ్ళు పోసి రుద్దాడు.

ఆది, సోమ, మంగళవారాల్లో ఇరవై ఆరు పేర్లు మళ్ళీ చెక్కాడు. అటు పదమూడు, ఇటు పదమూడు.

బుధవారం కట్ట మీద కుర్చీలు వేశారు. పెద్దమనుషులు నలుగురు మాట్లాడారు, తెర తీశారు. పెద్ద టీచరమ్మ పేర్లు చదివింది. చదవడం అయ్యాక ఆవిడ మేస్త్రీ వైపు ఒకసారి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఎంత నీటుగా కొట్టావయ్యా, అచ్చు వేసినట్టుంది" అని ఎవరో భుజం తట్టారు. జనం పలచబడ్డాక దర్జీ కూతురు, ఎక్కడో ఊరవతల బతుకుతున్న మనిషి, రాతి దగ్గరికి వచ్చింది. తండ్రి పేరు వెతుక్కుంది, తమ్ముళ్ళ పేర్లు వెతుక్కుంది. చెంప రాతికి ఆనించి బావురుమంది. నలభై దాటిన మనిషి చిన్నపిల్లలా ఏడ్చింది.

మేస్త్రీ భార్యే వెళ్ళి ఆమెని పట్టుకుంది. వీపు నిమురుతూ "ఏడువు తల్లీ, ఏడువు. ఏడిస్తే తేలికవుతుంది" అంటోంది. మేస్త్రీ ఇటు తిరిగి ఏటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

పొద్దు ఉండగానే ఇద్దరూ కట్ట మీద నడుచుకుంటూ ఇంటికి బయల్దేరారు. ఆవిడ ముందు, ఆయన రెండడుగులు వెనక. ఏటి మలుపు కనపడే చోట ఆయన నడక తడబడింది. ఆవిడ ఆగి, ఆయన పక్కకి వచ్చేదాకా చూసింది.

"మోకాలు పట్టిందా?"

"ఊఁ."

"నెమ్మదిగా పోదాంలే." కొంతదూరం నడిచారు. "ఈ నెల్లో దానికి ముప్ఫై ఏడు నిండుతాయి" అంది ఆవిడ. గాలిలో అన్నట్టు అంది. ఇన్నేళ్ళలో ఆయన ముందు ఆ మాట అనడం అదే మొదలు. అనేసి, ఆయన మొహంలోకి చూడకుండా నడుస్తోంది.

గట్టు కింద నీళ్ళు మట్టిరంగులో కదులుతున్నాయి. ఆ నీళ్ళని ఆయన ఎరుగు. ఏం పట్టుకుపోయాయో ఎరుగు.

"పొడుగ్గా ఉంటుందంటావా?" అన్నాడు.

ఆవిడ నడక ఆగింది. ఒక్క క్షణం. మళ్ళీ సాగింది, ఈసారి ఆయన పక్కనే.

"పొడుగే. మీ అమ్మ పోలిక కదూ."

"జుట్టు నా పోలికైతే ఈపాటికి నెరుస్తూ ఉంటుంది."

"నెరిసింది. ముందు వైపు కొంచెం." ఆవిడ తన నుదుటి మీద వేలితో చోటు చూపించింది. "రంగు వేసుకోవే అంటే వినదు. మొండిది."

"పిల్లలు?"

"ఇద్దరు" అంది ఆవిడ వెంటనే. ఎన్నేళ్ళ నుంచో నోటి చివర సిద్ధంగా ఉన్న జవాబులాగా. "పెద్దవాడు బుద్ధిమంతుడు. చిన్నది ఒక్కచోట కూర్చోదు."

మేస్త్రీ ఆవిడ చేతిలోని సంచీ తీసుకున్నాడు.

"చిన్నదాని పేరేంటి?" అని అడిగాడు.

ఆవిడ చెప్పింది.